మోనికా సెట్టర్‌లుండ్

మోనికా సెట్టర్‌లుండ్ (1937 సెప్టెంబరు 20 - 2005 మే 12) స్వీడన్ దేశానికి చెందిన సుప్రసిద్ధ గాయని, నటి. అమెరికాలో పుట్టిన జాజ్ సంగీతాన్ని స్వీడిష్ భాషలో పాడి, ఆ దేశపు సామాన్య శ్రోతలకు చేరువ చేసినవారిలో ఈమె అగ్రగణ్యురాలు. 1963లో లండన్ నగరంలో జరిగిన యూరోవిజన్ పాటల పోటీలో ఈమె స్వీడన్ తరఫున పాడి, ఒక్క పాయింటు కూడా పొందలేకపోయింది. ఆ పోటీల చరిత్రలో స్వీడన్‌కు సున్నా పాయింట్లు వచ్చినది ఆ ఒక్కసారే. అయితే అప్పుడు పాడిన "ఎన్ గోంగ్ ఇ స్టాక్‌హోమ్" (ఒకప్పుడు స్టాక్‌హోమ్‌లో అని అర్థం) అనే పాట కాలక్రమంలో స్వీడిష్ ప్రజలు ఎక్కువగా ఇష్టపడే పాటలలో ఒకటిగా నిలిచింది. పోటీ జరిగిన మరుసటి సంవత్సరమే ఈమె అమెరికన్ పియానో విద్వాంసుడు బిల్ ఎవాన్స్‌తో కలసి చేసిన ఆల్బమ్ జాజ్ అభిమానులలో ఈమెకు అంతర్జాతీయ ఖ్యాతిని తెచ్చిపెట్టింది.

ఈమె ఇంటిపేరును ఇంగ్లీషు పద్ధతిలో జెట్టర్‌లండ్ అని కూడా రాస్తారు. స్వీడిష్ భాషలో జెడ్ అక్షరాన్ని "స" గా పలుకుతారు కనుక సెట్టర్‌లుండ్ అన్నదే అక్కడి ఉచ్చారణకు దగ్గరగా ఉంటుంది. అభిమానులు ఈమెను క్లుప్తంగా "మోనికా జెడ్" అని పిలుచుకొనేవారు.

బాల్యం

మోనికా అసలు పేరు ఎవా మోనికా నిల్సన్. స్వీడన్ పశ్చిమ భాగంలో, నార్వే సరిహద్దును ఆనుకొని ఉన్న వెర్మ్‌లాండ్ ప్రాంతంలోని హాగ్‌ఫోర్స్ ఈమె స్వగ్రామం. చుట్టూ అడవులు, నడుమ ఇనుము, ఉక్కు కర్మాగారాలపై ఆధారపడి బ్రతికే చిన్న పట్టణమది. తండ్రి స్థానికంగా ఒక నృత్య వాద్యబృందాన్ని నడిపేవాడు. మోనికా చిన్నతనంలోనే ఆ బృందంతో పాడడం మొదలుపెట్టింది.

రెండవ ప్రపంచ యుద్ధంలో స్వీడన్ తటస్థంగా ఉన్నది. యుద్ధానంతరం అమెరికన్ సంగీతం రేడియో ద్వారా, గ్రామఫోను రికార్డుల ద్వారా ఆ దేశపు చిన్న పట్టణాలకు సైతం వెల్లువలా వచ్చి చేరింది. మోనికాకు జాజ్ పరిచయమైనది ఈ విధంగానే. అప్పటికి ఆమెకు ఇంగ్లీషు రాదు. పాటలలోని మాటలకు అర్థం తెలియకుండానే, వినబడిన ధ్వనులను వినబడినట్లుగా కంఠస్థం చేసి పాడేది. మాట కంటే ముందు స్వరం, ఊపిరి, విరుపు ఆమెకు పట్టుబడినవి. తరువాతి కాలంలో విమర్శకులు మెచ్చుకొన్న ఆమె పదవిభజనకు ఈ అర్థం తెలియని అభ్యాసమే పునాది అయి ఉండవచ్చు.

బాల్యంలో జరిగిన ఒక ప్రమాదం తరువాత ఆమెకు వెన్నెముక పక్కకు వంగిపోయే వ్యాధి మొదలైంది. ఇది జీవితాంతం ఆమెను బాధించింది. వేదికపై ఆమె నిలబడే తీరును చూసిన ప్రేక్షకులకు ఈ సంగతి చాలాకాలం వరకు తెలియదు.

1955లో మోనికా టోర్బ్యోర్న్ సెట్టర్‌లుండ్‌ను వివాహమాడింది. వారికి ఒక కుమార్తె కలిగింది. కొద్ది సంవత్సరాలకే దంపతులు విడిపోయినా, సంగీత ప్రపంచంలో ఆమె ఆ ఇంటిపేరుతోనే స్థిరపడింది.

తొలి రికార్డులు

1957లో మోనికా డెన్మార్క్‌కు చెందిన ఇబ్ గ్లిండెమాన్ వాద్యబృందంలో చేరి కోపెన్‌హాగన్‌లో పాడింది. ఆ వెంటనే స్వీడన్‌లోని ప్రముఖ సాక్సఫోన్ విద్వాంసుడు ఆర్నె డోమ్నేరుస్ బృందంలో ఆమెకు స్థానం లభించింది. స్టాక్‌హోమ్‌లోని "నాలెన్" అనే నృత్యశాల ఆ రోజులలో స్వీడిష్ జాజ్‌కు కేంద్రం. డోమ్నేరుస్ బృందం అక్కడే వాయించేది. పల్లెటూరి నృత్యసభల నుండి వచ్చిన ఇరవై ఏళ్ళ యువతికి అది గొప్ప అవకాశం.

1958లో "స్వీడిష్ సెన్సేషన్" అనే పేరుతో ఆమె తొలి ఆల్బమ్ వెలువడింది. ఇందులోని పాటలు ఇంగ్లీషులో ఉన్నాయి. ఆ కాలంలో జాజ్ పాడేవారెవరైనా ఇంగ్లీషులోనే పాడాలన్నది అలిఖిత నియమం. 1960లో మోనికా అమెరికా వెళ్ళి, జాజ్ విమర్శకుడు లెనార్డ్ ఫెదర్ ఆధ్వర్యంలో న్యూయార్క్‌లో కొన్ని పాటలు రికార్డు చేసింది. ఆ రికార్డింగులు అప్పట్లో విడుదలకు నోచుకోలేదు. ముప్పై ఏళ్ళకు పైగా గడచిన తరువాత 1990లలో గాని అవి శ్రోతలకు అందలేదు. అమెరికాలో స్థిరపడాలన్న ఆశ నెరవేరక ఆమె స్వదేశానికి తిరిగివచ్చింది.

స్వీడిష్ భాషలో జాజ్

మోనికా సంగీత జీవితంలో ముఖ్యమైన మలుపు బెప్పె వోల్గెర్స్ (1928 - 1986) అనే కవితో ఏర్పడిన పరిచయం. వోల్గెర్స్ కవి, నటుడు, పాటల రచయిత. ఇతడు అమెరికన్ పాటలకు స్వీడిష్ మాటలు రాసేవాడు. అవి అనువాదాలు కావు. రాగాన్ని అలాగే ఉంచి, స్వీడిష్ జీవితం నుండి కొత్త సందర్భాన్ని తీసుకొని అల్లినవి.

ఇది పైకి కనిపించినంత సులభమైన పని కాదు. ఇంగ్లీషు పాటలలో ఒక అక్షరపు మాటలు ఎక్కువ. స్వీడిష్‌లో నిర్దిష్టతను తెలిపే ప్రత్యయం నామవాచకం చివర చేరుతుంది కనుక మాట పొడవు పెరుగుతుంది. పైగా స్వీడిష్ పదాలకు తమవైన స్వరభేదాలు ఉన్నాయి. రాగం ఒక వైపు, మాటలోని సహజమైన ఎత్తుపల్లాలు మరొక వైపు లాగితే పాట కృతకంగా వినిపిస్తుంది. వోల్గెర్స్ రచనలు, మోనికా గానం ఈ చిక్కును దాటడానికి కారణం వాటిలోని భాష పుస్తకాల భాష కాకపోవడమే. గ్రాంథిక, వ్యావహారిక భాషల మధ్య భేదం తెలిసిన తెలుగు పాఠకులకు ఈ విషయం సులభంగానే బోధపడుతుంది.

ఇందుకు మంచి ఉదాహరణ 1962లో వచ్చిన "సక్తా వి గో యేనోమ్ స్టాన్" (మెల్లగా మనం నగరం గుండా నడుస్తాము అని అర్థం) అనే పాట. దీని రాగం 1930 నాటి "వాకిన్ మై బేబీ బ్యాక్ హోమ్" అనే అమెరికన్ పాటది. ప్రియురాలిని ఇంటికి దిగబెట్టే మూలంలోని సన్నివేశం స్వీడిష్ పాటలో స్టాక్‌హోమ్ నగరంలో జరిగే నడకగా మారింది. శీర్షికలోని "స్టాన్" అన్న మాట "స్టాదెన్" (నగరం) అనే పదానికి జనం నోట నలిగిన పొట్టి రూపం. ఈ పాట మోనికాను స్వీడన్‌లో ఇంటింటి పేరు చేసింది. అదే సంవత్సరం ఆమె డేవ్ బ్రూబెక్ బృందం వాయించిన ప్రసిద్ధ "టేక్ ఫైవ్" బాణీని, వోల్గెర్స్ రాసిన మాటలతో "ఇ న్యూయార్క్" అనే పేరున పాడింది. ఐదు మాత్రల తాళంలో నడిచే ఆ బాణీకి మాటలు కూర్చి పాడడం సాహసమే. "అహ్! మోనికా" అనే ఆల్బమ్ కూడా 1962లోనే విడుదలైంది.

1963 యూరోవిజన్ పోటీ

యూరోవిజన్ పాటల పోటీని యూరోపియన్ బ్రాడ్‌కాస్టింగ్ యూనియన్ 1956లో ప్రారంభించింది. సభ్యదేశాల ప్రసార సంస్థలు ఒక్కొక్క పాటను పంపుతాయి. ఆ రాత్రి అన్ని దేశాలలోను ప్రత్యక్ష ప్రసారం జరుగుతుంది. ఒక్కొక్క దేశపు న్యాయనిర్ణేతలు ఇతర దేశాల పాటలకు పాయింట్లు ఇస్తారు. పోటీ నిజానికి పాటలకే అయినా, జనానికి గుర్తుండేది గాయకులే. స్వీడన్ ఈ పోటీలో 1958లో ప్రవేశించింది. మొదటిసారి ఆ దేశం తరఫున పాడిన ఆలిస్ బాబ్స్ నాలుగవ స్థానం పొందింది. ఆమె కూడా జాజ్ గాయనియే కావడం గమనార్హం.

1963లో స్వీడన్‌లో జరిగిన ఎంపిక పోటీలో "ఎన్ గోంగ్ ఇ స్టాక్‌హోమ్" గెలుపొందింది. సంగీతం బాబీ ఎరిక్సన్ సమకూర్చగా, మాటలు బెప్పె వోల్గెర్స్ రాశాడు. శీతాకాలపు స్టాక్‌హోమ్ నగరం, అందులో ఒక ప్రేమ జ్ఞాపకం దీని వస్తువు. నెమ్మదిగా సాగే ఈ పాటలో జాజ్ ఛాయలు స్పష్టంగా కనిపిస్తాయి. గొంతెత్తి పాడవలసిన ఘట్టాలు తక్కువ. ఈ పాటను లండన్‌లో పాడడానికి మోనికా వెళ్ళింది.

అంతకు ముందు సంవత్సరం గెలిచిన ఫ్రాన్స్ ఆతిథ్యానికి అంగీకరించకపోవడంతో, బ్రిటన్ ప్రసార సంస్థ బీబీసీ ఆ బాధ్యతను స్వీకరించింది. 1963 మార్చి 23న పశ్చిమ లండన్‌లోని బీబీసీ టెలివిజన్ సెంటర్‌లో పోటీ జరిగింది. కార్యక్రమాన్ని కేటీ బాయిల్ నిర్వహించింది. ఏర్పాట్లు విచిత్రంగా ఉండేవి. ప్రేక్షకులు, వ్యాఖ్యాత ఒక స్టూడియోలో ఉంటే, గాయకులు, వాద్యబృందం మరొక స్టూడియోలో ఉన్నారు. అంటే గాయకుల ఎదుట ప్రేక్షకులు లేరు. మైకులను కెమెరాకు కనబడకుండా తలల పైన వేలాడదీశారు. చేతిలో గాని ఎదుట గాని మైకు లేకుండా పాడుతున్న గాయకులను చూసి, ముందే రికార్డు చేసిన పాటకు పెదవులు కదుపుతున్నారేమోనని కొందరు వీక్షకులు అనుమానించారు. శ్రోతల ముఖాలు చూస్తూ, వారి స్పందనను బట్టి పాటను మలచుకొనే జాజ్ గాయనికి ఇటువంటి గది ఏమంత అనుకూలమైనది కాదు.

మొత్తం 16 దేశాలు పాల్గొన్నాయి. ఫ్రాన్స్ గాయని ఫ్రాన్సువాజ్ ఆర్డీ మొనాకో తరఫున, గ్రీకు గాయని నానా మూస్కూరి లక్సెంబర్గ్ తరఫున, ఇజ్రాయెల్ గాయని ఎస్తేర్ ఓఫరిమ్ స్విట్జర్లాండ్ తరఫున పాడారు. మోనికా 13వ స్థానంలో వేదికపైకి వచ్చి స్వీడిష్ భాషలోనే పాడింది. భాష విషయంలో అప్పటికి నియమమేమీ లేదు. పాల్గొనేవారు తమ దేశ భాషలోనే పాడాలన్న నిబంధన 1966లో వచ్చింది.

పాయింట్లు ఇచ్చే పద్ధతిని తెలుసుకొంటే గాని ఆనాటి సున్నా అర్థం కాదు. ఒక్కొక్క దేశంలో 20 మంది సభ్యుల న్యాయనిర్ణేతల బృందం ఉండేది. వారు తమకు నచ్చిన ఐదు పాటలకు మాత్రమే వరుసగా 5, 4, 3, 2, 1 పాయింట్లు ఇచ్చేవారు. ఆరవ స్థానంలో నిలిచిన పాటకు, చిట్టచివరి పాటకు దక్కేది ఒకటే, అంటే ఏమీ లేదు. 15 దేశాలలోను ఒక పాట ఆరవదిగా నిలిచినా దానికి మొత్తం మీద వచ్చేది సున్నాయే. అందువలన ఆ కాలంలో సున్నా పాయింట్లు అరుదు కాదు. అంతకు ముందు సంవత్సరం నాలుగు దేశాలకు సున్నా వచ్చింది. 1963లోను స్వీడన్, నార్వే, ఫిన్లాండ్, నెదర్లాండ్స్ - ఈ నాలుగూ సున్నాతో 13వ స్థానాన్ని పంచుకొన్నాయి. 1975 నుండి ప్రతి దేశమూ పది పాటలకు పాయింట్లు ఇచ్చే పద్ధతి వచ్చిన తరువాత గాని సున్నా ఒక అపూర్వమైన అపజయంగా పేరు పడలేదు. తరువాతి కాలపు కొలబద్దతో మోనికా ఫలితాన్ని కొలవడం సరికాదు.

మరొక సంగతి ఏమిటంటే, ఆ రాత్రి గెలిచినది స్కాండినేవియా దేశమే. డెన్మార్క్ తరఫున గ్రేతె, యోర్గెన్ ఇంగ్‌మాన్ దంపతులు పాడిన "డాన్సెవీసె" 42 పాయింట్లతో ప్రథమ స్థానం పొందింది. నార్డిక్ దేశాలకు ఇది మొట్టమొదటి విజయం. 40 పాయింట్లతో స్విట్జర్లాండ్ రెండవ స్థానంలో నిలిచింది. ఈ రెండు పాయింట్ల తేడా వెనుక పెద్ద వివాదం ఉన్నది. ఐదవ వంతుగా ఫలితాలు చెప్పవలసిన నార్వే ప్రతినిధి నిర్ణీత పద్ధతిని పాటించకుండా అంకెలు చదవడంతో, కేటీ బాయిల్ మళ్ళీ చెప్పమని కోరింది. తరువాత సంప్రదించమని ఆయన కోరగా, మిగిలిన దేశాలన్నీ పూర్తయిన పిమ్మట నార్వేను మళ్ళీ పిలిచారు. ఈసారి చెప్పిన అంకెలు మొదటివాటితో సరిపోలలేదు. మొదట డెన్మార్క్‌కు 2, స్విట్జర్లాండ్‌కు 3 పాయింట్లని వినిపించగా, రెండవసారి అవి 4, 1 గా మారినవి. మొదటి అంకెలే నిలిచి ఉంటే స్విట్జర్లాండ్ 42, డెన్మార్క్ 40 పాయింట్లతో ఫలితం తారుమారయ్యేది. పొరుగు దేశంపై అభిమానంతో నార్వే అంకెలు మార్చిందన్న ఆరోపణ చాలాకాలం వినబడింది. మొదట చదివినవి తుది లెక్కలు కావన్నది నార్వే పక్షం వివరణ.

పొరుగువారి పక్షపాతం గురించి ఇంత చర్చ జరిగిన ఆ రాత్రే, స్వీడన్‌కు మాత్రం డెన్మార్క్, నార్వే, ఫిన్లాండ్ దేశాలలో ఏ ఒక్కటీ ఒక్క పాయింటు కూడా ఇవ్వలేదు. స్వీడిష్ మాటలు ఎంతో కొంత అర్థం చేసుకోగలిగిన శ్రోతలు ఉన్న దేశాలు ఇవే. కనుక భాష అడ్డు వచ్చిందన్న వాదన పూర్తిగా నిలవదు. పాట మరీ నెమ్మదిగా ఉన్నదన్న వాదనకూ బలం తక్కువే. గెలిచిన డేనిష్ పాట కూడా ఆర్భాటం లేనిదే.

పోటీ అనంతరం

1963లో స్వీడన్‌లో ఉన్నది ఒకే ఒక టెలివిజన్ ఛానెల్. రెండవ ఛానెల్ 1969 చివరలో మొదలైంది. కాబట్టి టెలివిజన్ చూసేవారికి ఆ రాత్రి వేరే కార్యక్రమమంటూ లేదు. దేశమంతటి ఎదుట జరిగిన ఓటమి అది. స్వీడిష్ మాటల పాటలతో అప్పుడప్పుడే జనాదరణ పొందుతున్న గాయనికి ఇది చిన్న దెబ్బ కాదు.

1964లో కళాకారుల బహిష్కరణ కారణంగా స్వీడన్ యూరోవిజన్‌లో పాల్గొనలేదు. 1965లో మళ్ళీ ప్రవేశించి, 1974లో ఇంగ్లండులోని బ్రైటన్‌లో ఆబ్బా బృందం ద్వారా తొలి విజయం సాధించింది. మోనికా మాత్రం యూరోవిజన్ వేదికపై మరల పాడలేదు. "ఎన్ గోంగ్ ఇ స్టాక్‌హోమ్" పాటను ఆమె వదిలిపెట్టలేదు, శ్రోతలూ వదిలిపెట్టలేదు. పోటీలో ఎన్ని పాయింట్లు వచ్చాయో తెలియనివారు కూడా ఆ పాటను స్టాక్‌హోమ్ నగరానికి సంబంధించిన పాటగా గుర్తిస్తారు.

బిల్ ఎవాన్స్‌తో ఆల్బమ్

బిల్ ఎవాన్స్ (1929 - 1980) ఇరవయ్యవ శతాబ్దపు జాజ్ పియానో వాదనను ప్రభావితం చేసినవారిలో ముఖ్యుడు. మైల్స్ డేవిస్ "కైండ్ ఆఫ్ బ్లూ" (1959) ఆల్బమ్‌లో పియానో వాయించినవాడు. తన అన్న కూతురు డెబ్బీ పేరున ఇతడు చేసిన "వాల్ట్జ్ ఫర్ డెబ్బీ" అనే బాణీ బహుళ ప్రసిద్ధం. ఈ బాణీకి బెప్పె వోల్గెర్స్ స్వీడిష్ మాటలు రాయగా, అది "మోనికాస్ వాల్స్" (మోనికా వాల్ట్జ్) అయింది. అమెరికాలోని ఒక బాలిక పేరు మీద పుట్టిన సంగీతం స్వీడన్‌లో గాయని పేరునే ధరించింది.

1964 ఆగస్టులో ఎవాన్స్ తన బృందంతో స్టాక్‌హోమ్ వచ్చినప్పుడు ఇద్దరూ కలసి ఒక ఆల్బమ్ రికార్డు చేశారు. బాస్ చక్ ఇజ్రాయెల్స్, డ్రమ్స్ లారీ బంకర్ వాయించారు. ఆల్బమ్ పేరు "వాల్ట్జ్ ఫర్ డెబ్బీ". ఎవాన్స్ 1961 నాటి ప్రసిద్ధ ప్రత్యక్ష రికార్డింగుకు కూడా ఇదే పేరు ఉండడం వలన రెండింటినీ పొరబడే అవకాశం ఉన్నది.

ఇందులో అమెరికన్ పాటలతో పాటు స్వీడిష్ పాటలు కూడా ఉన్నాయి. వాటిలో "యాగ్ వెట్ ఎన్ డెయ్‌లిగ్ రోసా" అనేది శతాబ్దాల నాటి సంప్రదాయ గీతం. అమెరికన్ జాజ్ విద్వాంసుడు స్వీడిష్ పాత పాటకు సహకారం వాయించడం, స్వీడిష్ గాయని అమెరికన్ పాటలను తడుముకోకుండా పాడడం ఈ ఆల్బమ్‌లోని విశేషం. ఎవాన్స్ గాయకులతో కలసి ఆల్బమ్‌లు చేయడం అరుదు. 1970లలో టోనీ బెన్నెట్‌తో చేసినవి ఇంకొక ఉదాహరణ. మోనికా గొంతు బలమైనది కాదు, విస్తృతమైనదీ కాదు. మాటను ఆలస్యంగా అందుకొని, స్వరాన్ని వణకకుండా నిలిపి, పదానికి పదానికి మధ్య చోటు వదలడం ఆమె పద్ధతి. ఆ వదిలిన చోట్లలోనే ఎవాన్స్ పియానో పలుకుతుంది. లండన్‌లో ఏ న్యాయనిర్ణేతల బృందం తొలి ఐదింటిలోనూ చోటు పొందలేకపోయిన ఆ గానశైలి ఏడాదిన్నర కూడా తిరగకుండానే సాటిలేని వాద్యకారుడి సరసన ఇమిడిపోయింది.

స్వీడిష్ జానపద బాణీలను జాజ్ పద్ధతిలో వాయించిన పియానో విద్వాంసుడు యాన్ యోహాన్‌సన్ ఆల్బమ్ "యాస్ పో స్వెన్స్కా" (స్వీడిష్‌లో జాజ్) కూడా 1964లోనే వెలువడింది. అందులోని "వీసా ఫ్రోన్ ఊతన్‌మీరా" అనే బాణీని తరువాత మోనికా మాటలతో పాడింది. స్వీడిష్ జాజ్ అమెరికన్ నమూనాల అనుకరణ నుండి బయటపడి తనదైన గొంతు సంపాదించుకొన్న సమయమది.

రంగస్థలం, సినిమాలు

మోనికాకు హాస్యం బాగా అబ్బింది. హస్సె ఆల్ఫ్రెడ్‌సన్, తాగె డానియెల్సన్ అనే జంట రచయితలు స్వీడన్‌లో నడిపిన వ్యంగ్య ప్రదర్శనలలో ఆమె 1964 నుండి పాల్గొన్నది. ఆ సంవత్సరం వచ్చిన "గూలా హుండ్" ప్రదర్శన వీటిలో ఒకటి. వీరి తొలి చిత్రాలలో ఒకటైన "అత్ అన్యోరా ఎన్ బ్రిగ్గా" (1965) లోను నటించింది. ద్వీపాల మధ్య విందు కోసం పడవలో బయలుదేరిన ఒక గుంపు ఎంత ప్రయత్నించినా పడవను రేవుకు చేర్చలేకపోవడమే దీని కథ. చిత్రం పేరు గల పాటను పాడినది మోనికాయే. 1971 నాటి "ఎప్పెల్‌క్రీగెట్" (ఆపిల్ యుద్ధం) చిత్రంలోనూ నటించింది.

నటిగా ఆమెకు ఎక్కువ పేరు తెచ్చినది యాన్ ట్రోయెల్ దర్శకత్వం వహించిన "ఉత్‌వాండ్రర్నా" (వలస వెళ్ళినవారు, 1971). పందొమ్మిదవ శతాబ్దంలో ఆకలికి, మతపరమైన వేధింపులకు తాళలేక అమెరికాకు తరలిపోయిన స్వీడిష్ రైతుల గురించి విల్హెల్మ్ మోబెర్గ్ రాసిన నవలలు దీనికి ఆధారం. మాక్స్ వాన్ సీడో, లివ్ ఉల్మన్ నాయకా నాయికలు. ఊరంతా వెలివేసిన పూర్వపు వేశ్య ఉల్రికా పాత్రను మోనికా ధరించింది. ఓడ ప్రయాణంలో పేలు పట్టడానికి ఉల్రికాయే కారణమని నిందించిన క్రిస్టినా, అమెరికా చేరిన తరువాత ఆమెకే ప్రాణస్నేహితురాలవుతుంది. కథ 1972లో వచ్చిన "నీబీగ్గర్నా" (కొత్త స్థిరనివాసులు) చిత్రంలో కొనసాగింది. ఉత్తమ చిత్రం విభాగంలో ఆస్కార్ పురస్కారానికి "ఉత్‌వాండ్రర్నా" పరిశీలనకు ఎంపికైంది. ఇంగ్లీషులో కాక వేరే భాషలో తీసిన చిత్రానికి ఆ రోజులలో ఇది అరుదైన గౌరవం.

తరువాతి సంవత్సరాలు

1970లలో మోనికా అమెరికన్ విద్వాంసులతో కలసి పనిచేయడం కొనసాగించింది. పియానో వాద్యకారుడు స్టీవ్ కూన్‌తో "చికెన్ ఫెదర్స్" (1972), థాడ్ జోన్స్ - మెల్ లూయిస్ వాద్యబృందంతో "ఇట్ ఓన్లీ హాపెన్స్ ఎవ్రీ టైమ్" అనే ఆల్బమ్‌లు చేసింది. 1983లో స్వీడిష్ కవి, గాయకుడు ఊల్లె అడోల్ఫ్‌సన్ పాటలతో ఒక ఆల్బమ్ వెలువరించింది. బాస్ వాద్యకారుడు స్టూరె ఓకెర్‌బెరితో జరిగిన వివాహం కూడా నిలవలేదు. 1992లో ఆత్మకథ ప్రచురించింది. దాని పేరుకు "చెడ్డ జ్ఞాపకశక్తి నుండి కొన్ని జ్ఞాపకాలు" అని అర్థం. తనను తాను ఎగతాళి చేసుకొనే అలవాటు ఆ పేరులోనే కనిపిస్తుంది.

బాల్యం నుండి వెంటాడిన వెన్నెముక వ్యాధి వయసుతో పాటు ముదిరింది. 1999లో ఆమె ప్రదర్శనలు మానుకోవలసి వచ్చింది. బిల్ ఎవాన్స్ స్మృతికి అంకితం చేసిన "బిల్ రిమెంబర్డ్" అనే ఆల్బమ్ 2000లో విడుదలైంది.

2005 మే 12న స్టాక్‌హోమ్ నడిబొడ్డున గల ఆమె నివాసంలో అగ్నిప్రమాదం జరిగింది. పడకపై పొగ త్రాగడం వలన నిప్పు అంటుకొన్నది. ఈ ప్రమాదంలో మోనికా మరణించింది. అప్పటికి ఆమె వయసు 67 సంవత్సరాలు.

స్మృతి చిహ్నాలు, జీవితచిత్రం

స్టాక్‌హోమ్‌లో ఒక చిన్న ఉద్యానవనానికి మోనికా సెట్టర్‌లుండ్ పేరు పెట్టారు. అందులోని పొడవైన బల్లపై కూర్చున్నవారికి ఆమె పాటలు వినిపించే ఏర్పాటు ఉన్నది.

ఆమె జీవితం ఆధారంగా డేనిష్ దర్శకుడు పెర్ ఫ్లూ 2013లో "మోనికా జెడ్" అనే చిత్రం తీశాడు. అంతవరకు గాయనిగానే పేరున్న ఎడ్డా మాగ్నాసన్ మోనికాగా నటించి, పాటలను కూడా తానే పాడింది. స్వీడన్ జాతీయ చలనచిత్ర పురస్కారాలైన గుల్డ్‌బాగ్గెలలో ఈమెకు ఉత్తమ నటి, ఫ్లూకు ఉత్తమ దర్శకుడు బహుమతులు లభించాయి. లండన్ పోటీలో వచ్చిన సున్నాను ఈ చిత్రం కథలోని ముఖ్యమైన దెబ్బలలో ఒకటిగా చూపింది. అయితే సంఘటనల క్రమంలోను, కుటుంబ సభ్యుల చిత్రణలోను దర్శకుడు స్వేచ్ఛ తీసుకొన్నాడన్న విమర్శలు వచ్చాయి. చిత్రంలో తండ్రి పాత్ర కఠినంగా ఉండడంపై కుటుంబం నుండి అభ్యంతరం వ్యక్తమైంది. కాబట్టి చిత్రాన్ని జీవితచరిత్రగా స్వీకరించేటప్పుడు కొంత జాగ్రత్త అవసరం. చిత్రం విడుదలైన తరువాత మోనికా పాత రికార్డులకు, వాటితో పాటు "ఎన్ గోంగ్ ఇ స్టాక్‌హోమ్" పాటకు కొత్త తరం శ్రోతలు ఏర్పడ్డారు.